గది ఉష్ణోగ్రత అంటే ఎవరి గది?

అక్కా, మాది కావలి. ఏప్రిల్‌లో మా పాప పుట్టినరోజుకి ఇంట్లోనే కేకు చేద్దామని వీడియో చూసి మొదలుపెట్టాను. "వెన్నని అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి గది ఉష్ణోగ్రతకి తెచ్చుకోండి" అన్నారు. నేను ఇంకో పావుగంట జాస్తిగానే ఉంచాను. చక్కెర వేసి గిలక్కొడితే నురగ రాలేదు. ఇసక కలిపిన నూనెలా తయారైంది. కేకు పొంగలేదు, అడుగున ఒకటే జిడ్డు. ఎక్కడ పొరపాటు చేశాను?
– ఒక తల్లి, కావలి

ఆ వీడియోలో చెప్పిన గది ఎవరి గదో ముందు అడగాలి తల్లీ. ఈ కేకుల కొలతలు, పద్ధతులు చాలామటుకు చలిదేశాల వంటిళ్లలో పుట్టినవి. అక్కడ వంటిల్లు 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. పొద్దున తీసిపెట్టిన వెన్న మధ్యాహ్నానికి కూడా మెత్తగా ఉంటుందే తప్ప కరగదు. మన దగ్గర ఏప్రిల్ నెలలో పదిగంటలకి వంటింట్లో పొయ్యి వెలిగించకుండానే 33, 34 ఉంటుంది. ఇక రోహిణి కార్తెలో రోళ్లే పగులుతాయంటారు, వెన్న ఏ పాటిది? వాళ్లు "గది" అన్నారు, నువ్వు నీ గదిలో పెట్టావు. అంతే జరిగింది.

వెన్న ఐసుముక్క లాంటిది కాదు. ఐసు గట్టిగా ఉన్నంతసేపు గట్టిగా ఉండి తర్వాత నీళ్లవుతుంది. వెన్నలో రకరకాల కొవ్వులు ఉంటాయి. కొన్ని ఫ్రిజ్ చలిలోనే మెత్తగా ఉంటాయి, కొన్ని 30 దాటితేగానీ కరగవు. అందుకే అది మెల్లమెల్లగా మెత్తబడుతుంది. చక్కెరతో గిలక్కొట్టడానికి పనికొచ్చేది 18 నుంచి 20 డిగ్రీల మధ్య. 25 దాటిందంటే జారుడు మొదలు. 35 చుట్టుపక్కలకి వచ్చేసరికి ఇక గిన్నెలో ఉండేది నూనే.

మెత్తటి వెన్నలో చక్కెర వేసి గిలక్కొడితే పలుకులు వెన్నని గీసుకుంటూ పోతాయి. గీసుకున్న చోటల్లా చిన్న చిన్న గాలి గూళ్లు ఏర్పడతాయి. ఓవెన్ వేడికి ఆ గూళ్లు ఉబ్బడమే కేకు పొంగడం. బేకింగ్ పౌడర్ కొత్తగా గూళ్లు కట్టదు, ఉన్నవాటిలోకే గాలి ఊదుతుంది. కరిగిన వెన్నలో గాలి నిలబడదు కాబట్టి ఊదడానికి ఏమీ మిగల్లేదు. మరీ గట్టి వెన్న కూడా ఇంతే, పలుకు దాంట్లోకి దిగదు. ఇంకోమాట, మన చక్కెర పలుకు లావు. మిక్సీలో రెండంటే రెండు తిప్పులు తిప్పు. పూర్తిగా పొడి చేస్తే గీసే పలుకే ఉండదు.

నేనూ ఈ దెబ్బ తిన్నదాన్నే. పెళ్లయి నెల్లూరు మూలాపేటకి కాపురానికి వచ్చిన కొత్తలో, పక్కింటి బిడ్డ మొదటి పుట్టినరోజుకి కేకు చేస్తానని గొప్పగా ఒప్పుకున్నాను. మే నెల. వెన్న బయటపెట్టి గుడికెళ్లి వచ్చేసరికి గిన్నెలో పసుపురంగు నీళ్లు తేలుతున్నాయి. పోన్లే అని అట్టాగే పిండి కలిపేశా. ఆ కేకుని పిల్లాడి తాతగారు కొరికి, "అమ్మాయ్, మైసూర్‌పాక్ బాగా కుదిరింది" అన్నారు. ఆయన ఒంగోలు మనిషి, మైసూర్‌పాక్ రుచి తెలిసినవాడు. పాపం, నిజంగానే అనుకున్నాడు.

ఆ తర్వాత గడియారం చూడటం మానేసి వేలు పెట్టి చూడటం మొదలుపెట్టాను. చూపుడువేలితో ముక్కని నొక్కు. గుంట పడాలి, పడిన గుంట అట్టాగే నిలవాలి. గుంట అంచులు పగిలితే ఇంకా చల్లగా ఉన్నట్టు. వేలు తీశాక వేలికొన మీద నూనె మెరుపు కనిపిస్తే చెయ్యి దాటిపోతున్నట్టు. సరిగ్గా ఉన్న వెన్నని పట్టుకుంటే ఇంకా కాస్త చల్లగానే తగులుతుంది. ఇది చాలామందికి నమ్మబుద్ధి కాదు. మెత్తగా అంటే వెచ్చగా అనుకుంటారు.

పోయిన మేలో ఒకరోజు పనిగట్టుకుని చూశాను. వంటిల్లు 33 డిగ్రీలు. వంద గ్రాముల వెన్నని వేలికొనంత ముక్కలుగా కోసి పళ్లెంలో విడివిడిగా పరిచాను. ఆరేడు నిమిషాలకి గుంట పడింది. పన్నెండు నిమిషాలకి అంచులు మెరిశాయి. ఇరవైకి పళ్లెంలో తడి. అదే ప్యాకెట్టుని కొయ్యకుండా కడ్డీగా పెడితే పైన జారిపోతూ లోపల రాయిలా ఉంది, అదీ పనికిరాదు. సంక్రాంతి ముందు చలిలో పొద్దున ఆరింటికి, వంటిల్లు 24 ఉన్నప్పుడు, అవే ముక్కలకి అరగంట పైన పట్టింది. వాళ్లు చెప్పిన అరగంట మనకి ఏడాదికి ఓ నెల రోజులు పనికొస్తుందన్నమాట.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. ముందు చక్కెర, పిండి, గుడ్లు, నెయ్యి రాసిన అచ్చు, అన్నీ సిద్ధం చేసుకో. వెన్నని చివర తియ్యి. ముక్కలు కొయ్యి. పక్కనే నిలబడు. బీటరు తిరిగినా వేడి పుడుతుంది, కాబట్టి ఇంకొంచెం మెత్తబడాలి అనిపించినప్పుడే మొదలుపెట్టు. మధ్యలో జారినట్టు కనిపిస్తే గిన్నెని చల్లనీళ్ల పళ్లెంలో కూర్చోబెట్టి, రెండు ఐసుముక్కలు ఆ నీళ్లలో వేసి, మళ్లీ గిలక్కొట్టు. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసినవి తీసినట్టు కొట్టి వెయ్యొద్దు, వెన్న గడ్డకట్టి విరిగిన పాలలా అవుతుంది. ఐదు నిమిషాలు గోరువెచ్చటి నీళ్లలో ఉంచి వెయ్యి, ఒక్కోటి.

అమ్మా, నమస్కారం. నేను పనిచేసి రిటైరైన బడిపంతుల్ని. మా ఆవిడ మోకాళ్ల నొప్పుల వల్ల ఈ మధ్య పిండివంటలు నేనే చూస్తున్నాను. మురుకుల పిండిలో ఫ్రిజ్‌లోని వెన్న వేసి కలిపితే నూనెలో పడగానే టపటపా పేలుతున్నాయి. చెయ్యి కాలింది కూడా. వెన్న ఎక్కువైందా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

మాస్టారూ, ముందు చేతికి మందు రాశారా? మురుకుల దగ్గర పొడుగుచేతుల చొక్కా వేసుకోండి, నవ్వినా సరే.

వెన్న కొలత కంటే అది పిండిలో సరిగ్గా కలవకపోవడమే ఇక్కడ ఇబ్బంది. గట్టి వెన్న పిండిలో చిన్న చిన్న గడ్డలుగా ఉండిపోతుంది. ప్రతి గడ్డలోనూ కాసిన్ని నీళ్లుంటాయి. ఇంటి వెన్నైతే మరీను. గొట్టంలోంచి దిగిన మురుకు కాగే నూనెలో పడగానే ఆ నీళ్లు ఆవిరై, దారి లేక, మురుకుని చీల్చుకుని వస్తాయి. పిండిలో నలగని నువ్వులు, మెదగని మినప్పలుకు ఉన్నా ఇట్టాగే పేలుతుంది.

కేజీ బియ్యప్పిండికి వంద గ్రాముల వెన్న చాలు. దాటితే నూనెలో విడిపోతాయి. ఇక్కడ కేకులో మాదిరి గాలి అక్కర్లేదు కాబట్టి మీకు అంత చాదస్తం అవసరం లేదు. వెన్న బాగా మెత్తగా, జారేటట్టు ఉన్నా మంచిదే. నీళ్లు పొయ్యకముందే పొడిపిండిలో వేసి, రెండు అరచేతుల మధ్య పిండిని పెట్టి రుద్దండి, చలికాలంలో చేతులు రుద్దుకున్నట్టు. ఐదు నిమిషాలు తగ్గకుండా. తర్వాత పిడికెడు పిండి గట్టిగా పట్టి వదలండి. ముద్దగా నిలిచి, వేలితో తాకగానే పొడిపొడిగా రాలితే వెన్న అంతటా పట్టినట్టే. అప్పుడు వాము, ఉప్పు, నీళ్లు. పంతులుగారికి ఓపిక ఎక్కువే కదా, ఈ రుద్దుడు మీకు బాగా వస్తుంది.

ఆంటీ, నేను ఇంటర్ సెకండియర్. మాకు రెండు గేదెలున్నాయి, వెన్నకి కొదవ లేదు. ఆ వెన్నతో బిస్కెట్లు చేస్తే ఓవెన్‌లో పరుచుకుపోయి అన్నీ కలిసి ఒకే దిబ్బరొట్టె అయ్యాయి. ప్యాకెట్ వెన్నతో చేస్తే బాగానే వస్తున్నాయి. ఇంట్లో ఇంత వెన్న పెట్టుకుని కొనుక్కోవాలా?
– పొదిలి దగ్గర నుంచి ఓ పాఠకురాలు

కొనొద్దమ్మా. మా అమ్మమ్మది కూడా పొదిలి దగ్గర పల్లెటూరే, ఈ సంగతి ఆవిడ దగ్గర నుంచి మొదలుపెట్టాలి నేను.

ఎండాకాలంలో ఆవిడ తెల్లవారుజామున నాలుగింటికే కవ్వం పట్టేది. ఎందుకమ్మమ్మా ఇంత చీకట్లో అంటే, "పొద్దెక్కితే వెన్న పడదే" అనేది. పెరుగు వెచ్చనైతే వెన్న పూస కట్టదు, మజ్జిగంతా జిడ్డుగా తేలుతుంది. అప్పుడు కుండలో చల్లనీళ్లు చెంబుడు పోసేది. జనవరిలో దీనికి తిరగేసి గోరువెచ్చటి నీళ్లు, లేకపోతే ఎంత చిలికినా వెన్న తేలదు. పడిన వెన్నని ముద్ద చేసి నీళ్లగిన్నెలో వేసి, తాగే నీళ్ల కుండ కింద తడి ఇసకలో దించేది. ఆవిడ అవస్థంతా వెన్న మెత్తబడకుండా కాపాడుకోవడం. ఇప్పుడు మనం ఫ్రిజ్‌లో పెట్టి రాయి చేసుకుని, దాన్ని మెత్తబరచడం ఎట్టా అని పత్రికలకి రాస్తున్నాం!

నీ బిస్కెట్ల సంగతి. ప్యాకెట్‌లో వచ్చే టేబుల్ బటర్‌లో కొవ్వు కనీసం 80 శాతం ఉండాలని, నీళ్లు 16 శాతం దాటకూడదని మన దేశంలో నిబంధన. ఇంటి వెన్నకి అట్టాంటి లెక్కేమీ ఉండదు, మజ్జిగ దాంట్లోనే దాక్కుంటుంది. నేను ఒకసారి నూరు గ్రాముల ఇంటి వెన్న కాచి చూస్తే 72 గ్రాముల నెయ్యే వచ్చింది. మిగతాదంతా దాదాపు నీళ్లే. ఆ నీళ్లతోనే నీ బిస్కెట్ పిండి పల్చబడి పరుచుకుంది. గేదె వెన్నకి ఒక మంచి గుణం ఉంది, దాని కొవ్వు ఆవు వెన్న కంటే కాస్త ఎక్కువ వేడికి కరుగుతుంది. నీళ్లు తీసేస్తే మన ఎండల్లో బిస్కెట్‌కి అదే మెరుగు.

ఎట్టా తీయాలంటే, వెన్నముద్దని ఐసునీళ్లలో వేసి పిసుకు. నీళ్లు తెల్లగా అవుతాయి, పారబోసి మళ్లీ పొయ్యి. మూడోసారో నాలుగోసారో నీళ్లు తేటగా ఉంటాయి. అప్పుడు పళ్లెంలో వేసి, పళ్లేన్ని ఏటవాలుగా పెట్టి, అట్లకాడ వెనకవైపుతో ఒత్తుతూ పో. చిన్న చిన్న చుక్కలు చెమటలా పైకి వస్తాయి. వాటిని పారనివ్వు. చుక్క రావడం ఆగేదాకా ఒత్తి, గుడ్డతో అద్ది, ఫ్రిజ్‌లో పెట్టుకో. పిండి కలిపాక కూడా అరగంట ఫ్రిజ్‌లో ఉంచి అప్పుడు బిళ్లలు చెయ్యి, ట్రేలో బిళ్లకీ బిళ్లకీ మధ్య రెండువేళ్ల దూరం ఇవ్వు. ఉప్పులేని వెన్న కాబట్టి చిటికెడు ఉప్పు వెయ్యడం మర్చిపోకు, లేకపోతే బిస్కెట్ చప్పగా ఉంటుంది.

మా చిన్నప్పుడు ఇంట్లోంచి పిండి, చక్కెర, డాల్డా మోసుకెళ్లి బేకరీ భట్టీలో బిస్కెట్లు కాల్పించుకుని, డబ్బాలకెత్తుకుని వచ్చేవాళ్లం. ఆ డబ్బా మూత తీస్తే వచ్చే వాసన కోసం పిలకాయలం కొట్టుకునేవాళ్లం. నీకు ఇంట్లో ఓవెనూ ఉంది, గేదెలూ ఉన్నాయి. అదృష్టవంతురాలివి.

మేడం, హాస్టల్ నుంచి బయటికొచ్చి నేనూ ఇద్దరు స్నేహితులూ గది తీసుకున్నాం. మైక్రోవేవ్‌లో వెన్న పెడితే మధ్యలో గుంటపడి కరిగిపోతుంది, చుట్టూ గట్టిగానే ఉంటుంది. ఇంకోసారి ప్యాకెట్టుతో సహా పెడితే నిప్పురవ్వలు వచ్చాయి. కరిగిన వెన్నని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి వాడొచ్చా?
– ముగ్గురు బ్రహ్మచారులు, వేదాయపాలెం, నెల్లూరు

అబ్బయ్యా, ఆ ప్యాకెట్టు కాగితానికి లోపల వెండిరేకు ఉంటుంది. రేకు మైక్రోవేవ్‌లోకి పోకూడదు, అంతే. ఇల్లు మీది కాదు, అద్దెది.

మధ్యలో కరగడానికి కారణం ఉంది. మైక్రోవేవ్ గట్టిగా ఉన్నదాని కంటే కరిగినదాన్ని తొందరగా వేడి చేస్తుంది. ఎక్కడో ఒకచోట చుక్క కరిగిందంటే వేడంతా అక్కడికే పోతుంది. తక్కువ పవర్‌లో, ఇరవై ముప్ఫై శాతం దగ్గర, ఐదు సెకన్లు పెట్టి, తీసి, ముక్కల్ని అటూ ఇటూ తిప్పి, మళ్లీ ఐదు. నాలుగోసారికి చాలు. కానీ నన్నడిగితే నెల్లూరులో ఉండి వెన్నకి మైక్రోవేవ్ ఎందుకు? వెన్నని రెండు పాలప్యాకెట్ కవర్ల మధ్య పెట్టి అప్పడాల కర్రతో నాలుగు మోదులు మోది, చపాతీలా ఒత్తండి. రెండు నిమిషాల్లో మెత్తబడుతుంది, వేడి అక్కర్లేదు. కర్ర లేకపోతే నీళ్ల సీసా చాలు. లేదా క్యారెట్ తురిమేదాంతో తురిమెయ్యండి.

కరిగిన వెన్న మళ్లీ గట్టిపడుతుంది గానీ మునుపటి వెన్న కాదది. కొవ్వూ నీళ్లూ విడిపోతాయి, పలుకులు పలుకులుగా గడ్డకడుతుంది. దాంట్లో గాలి నిలవదు. అట్టుమీద వేసుకోండి, చారు తాలింపుకి వాడండి, బ్రౌనీ లాంటివి చేసేటట్టయితే వాటికి కరిగిన వెన్నే కావాలి. పారేసే పనే లేదు.

పొద్దున ఏడింటికి పిల్లల బాక్సులకి బ్రెడ్ మీద వెన్న రాయాలంటే బ్రెడ్ చిరిగిపోతుంది. రాత్రే బయట పెట్టి పడుకోవచ్చా?
– ఆత్మకూరు నుంచి

డిసెంబరు, జనవరిలో పెట్టుకో, అదీ ఆ పూటకి సరిపడా నాలుగు చెంచాలు, మూతున్న గిన్నెలో. ఉప్పు వెన్నైతేనే. మిగతా నెలల్లో వద్దు, తెల్లారేసరికి జిడ్డు విడిచి కనరు వాసన కొడుతుంది. ఇంటి వెన్నని అయితే ఏ కాలంలోనూ పెట్టకు, పులుస్తుంది. తొందరగా కావాలంటే మందపాటి పింగాణీ కప్పులో మరిగే నీళ్లు పోసి రెండు నిమిషాలు ఉంచి, పారబోసి, లోపల తుడిచి, పళ్లెంలో ఉన్న వెన్నముక్కల మీద బోర్లించు. నువ్వు జడేసుకుని వచ్చేలోపు రాసుకునేటట్టు ఉంటుంది. స్టీలు గ్లాసుతో సరిగ్గా రాదు, వేడి నిలవదు దాంట్లో.

కేకులో ఉప్పు వెన్న వాడొచ్చా? మా దర్శిలో ఉప్పులేనిది దొరకడం లేదు. నెయ్యి వాడితే?
– దర్శి

ఉప్పు వెన్న వాడొచ్చు. వంద గ్రాములకి రెండు గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది, అంటే కేకులో విడిగా వేసే ఉప్పు మానెయ్యి. నెయ్యి వాడితే వంద గ్రాముల వెన్నకి బదులు 80 గ్రాముల నెయ్యి, 16 గ్రాముల దాకా పాలు. నెయ్యి పూసగా, చెంచాతో తీస్తే నిలిచేటట్టు ఉండాలి. కరిగిన నెయ్యిని చక్కెరతో ఎంత గిలక్కొట్టినా చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు.

అమ్మా, మీ సలహాలు పాటించేవాళ్లం. మార్చి సంచికలో "వెన్న గిన్నెని ఉడుకుతున్న అన్నం కుక్కర్ పక్కన పెడితే ఐదు నిమిషాల్లో మెత్తబడుతుంది" అని రాశారు. మా ఇంట్లో పెట్టారు. ఐదు నిమిషాల్లో 400 గ్రాములూ నెయ్యి రంగు నీళ్లయింది. మా కోడలు నన్ను చూసి నవ్వుతోంది. దీనికేమంటారు?
– ఒక అత్తగారు, ఒంగోలు

మీ కోడలు నవ్వాల్సింది నన్ను చూసి వదినా, మిమ్మల్ని చూసి కాదు. ఆ జవాబు నేను రాసింది జనవరి మొదటివారంలో, శాలువా కప్పుకుని. పత్రిక చేతికొచ్చేసరికి మార్చి. రాసేటప్పుడు "చలిరోజుల్లో" అన్న మాట పెట్టాలన్న ఆలోచన రాలేదు. ఈ జవాబులన్నిటికీ మొదట్లో కావలి అమ్మాయికి గది గురించి అంత పెద్ద పాఠం చెప్పినదాన్ని, నేను చేసిందీ అదే పని. ఆ సలహా మార్చి నుంచి అక్టోబరు దాకా కొట్టేసుకోండి.

ఆ నాలుగువందల గ్రాములు పారబోయలేదనే అనుకుంటున్నాను. పారబోయకపోతే అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి సన్నటి సెగ మీద కాచండి. చిటపట ఆగి, అడుగున ఉన్నది ఎర్రగా అయ్యి, వాసన వచ్చాక దించండి. 320 గ్రాముల దాకా నెయ్యి రావాలి. మీది ఉప్పు వెన్నైతే భయపడక్కర్లేదు, ఉప్పు నెయ్యిలో కరగదు, అడుగున గసిలోకే దిగుతుంది. పల్చటి గుడ్డతో వడకట్టుకోండి. ఆ గసిలో చిన్నప్పటిలా చక్కెర కలుపుకుని తినకండి, ఉప్పుకషాయంగా ఉంటుంది. వేడన్నంలో కందిపొడి వేసి, పైన ఆ గసి అరచెంచా. కోడలికి కూడా ఒక ముద్ద పెట్టండి.